పిల్లలకు కిడ్నీ మార్పిడి: ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఏం చేస్తారు?

ఆపరేషన్ బాగానే అయిందని చెప్తారు. అయినా బిడ్డను వార్డుకు పంపరు, ఐసీయూలోనే ఉంచుతారు. జోగిపేట నుంచి హైదరాబాద్ దాకా వెళ్లిన తల్లిదండ్రులకు గుబులు పుట్టేది ఇక్కడే. బిడ్డకు ఏదో అయిందని కాదు, ఏమీ కాకుండా చూసుకోవడానికే ఐసీయూ.

ఎందుకంత జాగ్రత్త?
పిల్లలకు చాలాసార్లు అమ్మో నాన్నో కిడ్నీ ఇస్తారు. ఇంట్లో ఎవరిదీ సరిపోకపోతే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయిస్తారు. పెద్దవాళ్ల కిడ్నీ చిన్న ఒంట్లో పనిచేయాలంటే రక్తం బాగా అందాలి. బీపీ పడిపోతే రక్తం చాలదు, రక్తనాళంలో గడ్డ కట్టే ప్రమాదమూ ఉంది. అందుకే బీపీని ఎప్పటికప్పుడు చూస్తుంటారు.

గంట గంటకూ మూత్రం కొలుస్తారు
ఎంత మూత్రం వచ్చిందో కొలిచి, దానికి తగ్గట్టు సెలైన్ ఎక్కిస్తారు. తక్కువైతే కిడ్నీ దెబ్బతింటుంది, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలకు రోజూ రక్తం తీస్తారు. కొందరికి కొత్త కిడ్నీ వెంటనే పనిచేయదు, కొన్ని రోజులు డయాలసిస్ పెడతారు. అంతమాత్రాన ఆపరేషన్ ఫెయిలైనట్టు కాదు.

మిమ్మల్ని లోపలికి ఎందుకు రానివ్వరు?
కొత్త కిడ్నీని శరీరం పరాయిదనుకొని దాడి చేయకుండా టాక్రోలిమస్ వంటి మందులిస్తారు. వాటితో రోగనిరోధక శక్తి తగ్గుతుంది. మీకున్న చిన్న జలుబు బిడ్డకు పెద్ద జబ్బు కావచ్చు.

ఇంటికొచ్చాక
• మందులు డాక్టర్ చెప్పిన టైముకే వేయండి. బాగున్నాడు కదా అని ఆపితే కిడ్నీ పోతుంది.
• టాక్రోలిమస్ పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే ఉదయం డోసు వేయాలి.
• నాటు మందులు, మెడికల్ షాపులో అడిగి తెచ్చే నొప్పి బిళ్లలు వద్దు.
• టీకా వేయించే ముందు డాక్టర్‌ను అడగండి.
• జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, ఒళ్లు ఉబ్బినా, కిడ్నీ పెట్టిన చోట నొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి.

ఖర్చు సంగతి
రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. కిడ్నీ మార్పిడి ఇందులో ఉంది. రేషన్ కార్డు, ఆధార్‌తో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. వచ్చే నెల మందులు ఎక్కడ, ఏ తేదీన ఇస్తారో డిశ్చార్జికి ముందే అడిగి రాసుకోండి. సందేహాలుంటే 104కు ఫోన్ చేయండి.