అరవైయేడో ఏట అమ్మమ్మ ప్రయాణం

“పిల్లలు కాస్త ఎదగనీ, అప్పుడు చూద్దాం” అంటూ మన ఇళ్లలో ఆడవారు వాయిదా వేసుకునే కోరికలకు లెక్క లేదు. పిల్లలు ఎదుగుతారు, వెనుకనే మనుమలు వస్తారు. కాశీ ప్రయాణం మాటగానే మిగిలిపోతుంది. అటువంటి కోరికను అరవైయేడో ఏట, అదీ కాలినడకన, తీర్చుకున్న ఒక అమెరికా అమ్మమ్మ కథ ఇది.

ఆమె పేరు ఎమ్మా గేట్‌వుడ్. 1887లో ఒహాయో రాష్ట్రంలో పుట్టింది. పందొమ్మిదేళ్లకు పెళ్లయింది. పదకొండుమంది బిడ్డల తల్లి. పొలం పని, ఇంటి చాకిరీ, వీటికి తోడు భర్త చేతి దెబ్బలు. ప్రాణం విసిగినప్పుడల్లా దగ్గరి అడవిలోకి పోయి, మనసు కుదుటపడ్డాక తిరిగి వచ్చేదట. చివరకు విడాకులు పొంది, మిగిలిన పిల్లలను పెంచి పెద్ద చేసింది.

1949లో వెలువడిన ఒక నేషనల్ జియోగ్రాఫిక్ సంచికలో అపలాచియన్ కాలిబాటను గురించిన వ్యాసం ఆమె కంటబడింది. అమెరికా తూర్పు కొండల వెంట, దక్షిణాన జార్జియా నుండి ఉత్తరాన మెయిన్ దాకా, 14 రాష్ట్రాల గుండా సాగే బాట అది. 1921లో బెంటన్ మెకై అనే ఆయన తలపెట్టగా, 1937 నాటికి పూర్తయింది. గేట్‌వుడ్ నడిచేనాటికి దాని పొడవు ఇంచుమించు 2,050 మైళ్లు. అంటే చెన్నై నుండి ఢిల్లీకి ఉన్న రైలుదారికి ఒకటిన్నర రెట్లు. ఆ బాట చివరంటా నడవాలని ఆమెకు కోరిక పుట్టింది.

1954లో ఉత్తరపు కొస నుండి బయలుదేరింది. కొద్ది రోజులకే దారి తప్పింది, కళ్లజోడు పగిలింది. అటవీ ఉద్యోగులు ఆమెను వెతికి పట్టుకొని, ఇంటికి పొమ్మని హితవు చెప్పారు. మరొకరైతే అంతటితో దండం పెట్టేవారే.

మరుసటి సంవత్సరం మే 3వ తేదీన దక్షిణపు కొస నుండి మళ్లీ మొదలుపెట్టింది. కొంచెం నడిచి వస్తానని మాత్రమే పిల్లలకు చెప్పింది. ఎంత దూరమో చెప్పలేదు. కాళ్లకు కాన్వాసు బూట్లు. భుజాన తాను స్వయంగా కుట్టుకున్న గుడ్డ సంచి. అందులో ఒక దుప్పటి, వాన వస్తే కప్పుకోవడానికి స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ తెర, తినడానికి ఎండుద్రాక్ష, వేరుసెనగ పప్పు వంటివి. గుడారం లేదు. చలి రాత్రులలో రాళ్లు వెచ్చజేసి వాటిపై పడుకొనేది. దారిలో కొందరు పిలిచి అన్నం పెట్టారు. కొందరు తలుపు వేసుకున్నారు.

బాట పత్రికలో వర్ణించినంత సుఖంగా లేదు. చాలాచోట్ల చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. తలదాచుకునే పాకలు కొన్ని కూలిపోయాయి. ఇంత కష్టమని ముందే తెలిస్తే బయలుదేరేదాన్నే కాదని, అయినా దిగాక మాత్రం మానబుద్ధి కాలేదని ఆమే ఒప్పుకొన్నది. ఆగష్టులో కోనీ, డయాన్ అనే రెండు తుఫానుల వానలు వచ్చిపడ్డాయి. పొంగిన ఒక ఏటిని దాటడానికి నౌకాదళ యువకులిద్దరు ఆమెను నడుమ ఉంచుకొని, తాడు కట్టి దాటించారు. సాయం అడగడానికి ఆమె చిన్నతనపడలేదు.

146 రోజుల తరువాత, సెప్టెంబరు 25న, 5,267 అడుగుల కటాడిన్ కొండ శిఖరం చేరింది. ఆ బాటనంతా ఒకే విడతలో ఒంటరిగా నడిచిన మొదటి స్త్రీ ఆమే. 1957లో మళ్లీ నడిచింది. 1964 నాటికి, కొంత కొంతగా, మూడోసారీ ముగించింది. నడుమ 1959లో మిస్సోరీ నుండి ఆరెగాన్ వరకు సుమారు 2,000 మైళ్లు వేరొక దారిన నడిచింది. 1973లో, ఎనభైయైదేళ్ల వయసులో కన్నుమూసింది.

ఆమెకు కొండలెక్కే శిక్షణ ఎవరూ ఇవ్వలేదు. పొలంలో బరువులు మోసి, నీళ్లు చేది, వంగి లేచి గట్టిపడిన ఒళ్లే అక్కరకు వచ్చింది. పోయినవనుకున్న ఏళ్లు వృథాగా పోలేదన్నమాట.

అందరమూ వేల మైళ్లు నడవనక్కరలేదు. కాని ఈ సాయంత్రం మీ ఇంట్లో పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకొని, “అమ్మా, నీకు ఎక్కడికైనా పోవాలని ఉండేదా?” అని అడగండి. “ఇప్పుడెందుకులే నాయనా” అంటుంది. అయినా మళ్లీ అడగండి.