ఊపిరి యంత్రానిది... భారం గుండెది!

పొట్టలో బుడగలా ఉబ్బిన బృహద్ధమనికి ఆపరేషన్ జరుగుతోంది. సర్జన్ రక్తనాళానికి క్లాంపు బిగించి, ఉబ్బినచోట కృత్రిమ నాళాన్ని కుట్టేశారు. ఇక క్లాంపు తీయడమే తరువాయి. రోగి తల దగ్గరున్న మత్తు డాక్టరుకు అసలు పరీక్ష అప్పుడే. అంతసేపూ రక్తం సరిగా అందని కాళ్లలోకి ఒక్కసారిగా రక్తం పరుగెడుతుంది. బీపీ చప్పున పడిపోవచ్చు!

పైగా రోగి వెంటిలేటర్ మీద ఉన్నారు. మామూలుగా మనం గాలి పీల్చితే ఛాతీ విప్పారి లోపల ఒత్తిడి తగ్గుతుంది. దాంతో సిరల్లోని రక్తం గుండెలోకి తేలిగ్గా చేరుతుంది. వెంటిలేటర్ దీనికి పూర్తిగా రివర్స్. గాలిని లోపలికి నెడుతుంది. ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు వచ్చే రక్తం తగ్గుతుంది. వచ్చేదే తగ్గితే గుండె మాత్రం ఏం పంపగలదు? 1956లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన ఆండ్రే కూర్నాండ్, తన బృందంతో కలిసి 1948లోనే ఈ సంగతిని రుజువుచేశారు.

మరి సెలైన్ ఎక్కించేస్తే సరి కదా... అక్కడే ఉంది చిక్కు. రక్తం నిండి సాగేకొద్దీ గుండె గట్టిగా కొడుతుంది, కానీ ఒక హద్దు వరకే. ఇలాంటి ఆపరేషన్లు అవసరమయ్యేవారిలో చాలామంది పెద్దవయసువారు, పొగతాగే అలవాటున్నవారు. గుండె అప్పటికే నీరసించి ఉండొచ్చు. ద్రవం ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. తక్కువైతే కిడ్నీలకు ముప్పు. పొట్టకు పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న దాదాపు 3 వేలమందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. ద్రవాలు బాగా పొదుపుగా ఇచ్చినవారిలో 8.6 శాతం మందికి, తగినంత ఇచ్చినవారిలో 5 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి.

ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికి వెంటిలేటరే సాయపడుతుంది. అది గాలి నెట్టినప్పుడల్లా నాడి బలం కాస్త హెచ్చుతగ్గులవుతుంది. ఆ తేడా సుమారు 13 శాతం దాటితే ద్రవం ఇస్తే గుండె పుంజుకునే అవకాశం ఉందని అర్థం. గుండె లయ తప్పితే మాత్రం ఈ లెక్క పనికిరాదు. అలాంటప్పుడు అన్నవాహికలోంచి ఎకో తీసి గుండెను నేరుగా చూస్తారు. ఇవన్నీ బేరీజు వేసుకుని ముందే ద్రవం అందించి, అవసరమైతే బీపీ పెంచే మందు జోడించి, క్లాంపును మెల్లమెల్లగా వదులుతారు.

అందుకే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు 'మెట్లెక్కితే ఆయాసం వస్తుందా? పాదాలు వాస్తున్నాయా? ఏం మాత్రలు వాడుతున్నారు?' అని అడిగితే, 'అబ్బే, ఏమీ లేదండీ' అని దాటేయకూడదు. థియేటర్లో సెలైన్ చుక్కల్ని లెక్కించేటప్పుడు ఆ జవాబులూ లెక్కలోకి వస్తాయి!