చప్పుడు లేని ప్రమాదం.. లెక్క తేలేది ఇరవై ఏళ్లకు!

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫార్మా ఫ్యాక్టరీలో పేలుడు జరిగి పదుల మంది కార్మికులు చనిపోయారు. ఆ వీడియోలు మనందరి ఫోన్లకూ వచ్చాయి. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల ఇంకో ప్రమాదం ఉంది. దానికి చప్పుడుండదు, వీడియో ఉండదు. ఫౌండ్రీల్లో, వెల్డింగ్ షెడ్లలో, ప్లేటింగ్ యూనిట్లలో రోజూ పీల్చే పొగ, దుమ్మే అది.

పొగలో ఏముంది?

స్టెయిన్‌లెస్ స్టీల్‌లో క్రోమియం, నికెల్ ఉంటాయి. వెల్డింగ్ వేడికి కొంత క్రోమియం ‘హెక్సావాలెంట్’ రూపంలోకి మారి పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అక్కడ కణాల డీఎన్ఏని దెబ్బతీస్తుంది. క్రోమ్ ప్లేటింగ్ తొట్టెల మీద లేచే తుంపరలోనూ ఉండేది ఇదే. ఫౌండ్రీలో ఇసుక అచ్చులు పగలగొడితే సిలికా దుమ్ము లేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ వీటిని గ్రూప్-1లో పెట్టింది. వెల్డింగ్ పొగ 2017లో ఆ గ్రూప్‌లోకి వచ్చింది. గ్రూప్-1 అంటే క్యాన్సర్ తెస్తుందని గట్టి ఆధారాలున్నాయని అర్థం. పనిచేసిన ప్రతి ఒక్కరికీ వస్తుందని కాదు. ఎంత పొగ పీల్చారు, ఎన్నేళ్లు పీల్చారు అన్నది ముఖ్యం. సిగరెట్ తోడైతే రిస్క్ ఇంకా పెరుగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే

ఈ క్యాన్సర్లు బయటపడటానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఇక్కడ చాలామంది కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లే. బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అన్నేళ్ల తర్వాత ఆ కాంట్రాక్టర్ ఎక్కడుంటాడో తెలీదు, కంపెనీ ఉంటుందో లేదో తెలీదు. మా సాఫ్ట్‌వేర్‌లో లాగ్స్ లేకపోతే బగ్ ఎక్కడ మొదలైందో చెప్పలేం. ఇదీ అంతే. రికార్డు లేకపోతే జబ్బుకీ పనికీ లింకు చూపించడం కష్టం, పరిహారం అడగడం ఇంకా కష్టం.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పనుల్లో ఉన్నవాళ్లకి చేరే ముందు, చేరాక ఏడాదికోసారి వైద్య పరీక్షలు చేయాలన్నారు. ఫౌండ్రీలూ ఆ జాబితాలో ఉన్నాయి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. అందులోనూ ప్రమాదకర పనుల్లో ఉన్నవాళ్ల హెల్త్ రికార్డులు ఉంచాల్సింది యాజమాన్యమే. వాటిని చూసే హక్కు కార్మికుడిది.

ఈ ఆదివారం ఓ పది నిమిషాలు

మీ బాపో, అన్నో ఇలాంటి షెడ్డులో పనిచేస్తుంటే పక్కన కూర్చోండి. ఐడీ కార్డు, ఈఎస్ఐ కార్డు, జీతం స్లిప్పులు, మెడికల్ రిపోర్టులు ఫొటోలు తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎక్కడ, ఏ పని చేశారో రాయండి.

మూతికి కట్టే కర్చీఫ్ ఈ పొగను ఆపదు. పొగను అక్కడికక్కడే లాగేసే ఎగ్జాస్ట్, సరైన మాస్క్ కంపెనీని అడగాల్సిందే. డ్యూటీ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. ముక్కులోంచి తరచూ రక్తం వస్తున్నా, దగ్గు మూడు వారాలు దాటినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ‘దగ్గు’ అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. చేసే పనేంటో కూడా చెప్పండి, ఆ ఫోల్డర్ చూపించండి.