అయస్కాంతం తేల్చే పసుపు నిజం

తెలుగునాట పసుపు లేని శుభకార్యం లేదు. గడపకు పూసినా, కూరలో వేసినా అది స్వచ్ఛమైనదన్న నమ్మకంతోనే వాడుతారు. నిజామాబాద్ జిల్లాలోని నవీపేట్, ఆర్మూర్ ప్రాంతాల రైతులకు పసుపు నెలల తరబడి చేసిన శ్రమకు ఫలం. దుంపలను త్రవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టిన తరువాతనే కొమ్ములు మార్కెట్టుకు చేరుతాయి. అవి పొడిగా మారిన పిమ్మట అందులో అడవిపసుపు పొడినో, బియ్యప్పిండినో కలిపితే కన్ను పోల్చుకోలేదు. ఆ కల్తీ వల్ల కొన్నవాడు మోసపోతాడు. పండించినవాడి పేరు చెడుతుంది.

ఇటువంటి కల్తీని బయటపెట్టగల సాక్షి పసుపులోనే ఉన్నది. అదే డి.ఎన్.ఎ. జీవకణాలలో ఉండే ఈ వంశలిపి జాతిజాతికీ భిన్నంగా ఉంటుంది. దీనిని 1869లో ఫ్రెడరిక్ మీషర్ అనే శాస్త్రవేత్త మొదటిసారిగా వేరుచేశాడు. కాని పసుపు నుండి దానిని రాబట్టడం సులభం కాదు. ఉడికించినప్పుడు డి.ఎన్.ఎ. ముక్కలవుతుంది. పైగా దుంపలోని పిండిపదార్థాలు, రంగు పదార్థాలు దానితో కలిసి వచ్చి పరీక్షకు అడ్డుపడతాయి.

ఇక్కడ అయస్కాంత రేణువులు తోడ్పడతాయి. వీటి గర్భంలో ఐరన్ ఆక్సైడ్, పైన సిలికా పూత ఉంటాయి. ముందుగా పసుపు పొడిని రసాయన ద్రావణంలో కలిపి కణాలను ఛేదిస్తారు. తగిన లవణాల సమక్షంలో డి.ఎన్.ఎ. సిలికాకు అంటుకొంటుంది. గొట్టం ప్రక్కన అయస్కాంతాన్ని ఉంచగానే రేణువులన్నీ ఆ గోడకు చేరుతాయి. అప్పుడు మలినాలతో కూడిన ద్రవాన్ని తీసివేసి, రేణువులను ఆల్కహాలు కలిపిన ద్రావణంతో కడుగుతారు. చివరకు లవణం లేని నీటిని చేర్చితే డి.ఎన్.ఎ. పట్టు విడిచి నీటిలోకి వస్తుంది. అయస్కాంతాన్ని తొలగిస్తే ఈ రేణువులు అయస్కాంతత్వాన్ని కోల్పోయి మళ్ళీ విడివడతాయి. అందువల్ల ప్రతిసారీ వాటిని ద్రవంలో చక్కగా కలిపి కడగవచ్చు. ఈ పనిని యంత్రాలు ఒకేసారి అనేక నమూనాలపై చేయగలవు. 2020లో కోవిడ్ పరీక్షలకు వైరస్ ఆర్.ఎన్.ఎ.ను వేరుచేయడంలోనూ ఈ పద్ధతి ఎంతో ఉపకరించింది.

అయితే ఈ సాక్షికీ ఒక హద్దు ఉన్నది. మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ వంటి హానికర రంగులకు డి.ఎన్.ఎ. ఉండదు. వాటిని రసాయన పరీక్షలతోనే గుర్తించాలి. రెండు పరీక్షలూ తోడైనప్పుడే తీర్పు సమగ్రమవుతుంది.

2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. పసుపుకు మంచి ధర రావాలంటే దాని స్వచ్ఛతకు ఋజువు కావాలి. పాలను నీటినుండి వేరుచేసే హంసను కవులు కొనియాడారు. ఆ క్షీరనీర వివేకాన్ని నేడు ప్రయోగశాలలో కంటికి కనిపించని ఇనుప రేణువు ప్రదర్శిస్తున్నది. అది రైతు చెమటకు దక్కవలసిన గౌరవాన్ని కాపాడుతున్నది.