స్పోర్ట్స్ కారుకు కొత్త అద్దాలు, కొత్త టెయిల్ లైట్లు

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్దా కంపెనీ ఎంఎక్స్-5 మియాటా అనే చిన్న రెండు సీట్ల కారును తొలిసారి జనానికి చూపించింది. ఆ కారు టెయిల్ లైటుకు తర్వాత న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో చోటు దక్కింది. అంత పేరున్న దీపాన్ని సైతం విప్పి పక్కన పెట్టి, దాని చోట ఎల్ఈడీ దీపాలు బిగించుకునే యజమానులు చాలా దేశాల్లో ఉన్నారు. అద్దాల సంగతీ అంతే. కంపెనీ ఇచ్చిన సైడ్ మిర్రర్లు తీసేసి, ఇటలీకి చెందిన విటలోనీ అనే సంస్థ సెబ్రింగ్ అద్దాలో, జపాన్‌లో దొరికే సన్నని రేసింగ్ అద్దాలో పెట్టుకోవడం ఈ కారు అభిమానుల్లో పాత అలవాటు. కారు తయారుచేసిన కంపెనీ కాకుండా బయటివాళ్లు చేసి అమ్మే ఇలాంటి విడిభాగాలనే ఆఫ్టర్‌మార్కెట్ భాగాలంటారు.

అందం కోసం చేసే మార్పే అయినా, అద్దం వెనక జ్యామితి ఉంది, దీపం వెనక విద్యుత్తు, కాంతిశాస్త్రం ఉన్నాయి. అసలు భాగం బయటికి కనిపించకుండా చేసే పనులు కొన్ని ఉంటాయి. కొత్త భాగం వాటన్నిటినీ చేస్తోందా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ముందు అద్దం సంగతి. సమతల దర్పణంలో ప్రతిబింబం సైజు మారదు, కనిపించే మేర మాత్రం తక్కువ. 15 సెంటీమీటర్ల వెడల్పున్న సమతల అద్దాన్ని మీటరు దూరం నుంచి చూస్తే వెనక రోడ్డు సుమారు 9 డిగ్రీల మేరకే కనబడుతుంది. అదే సైజు అద్దాన్ని 1200 మిల్లీమీటర్ల వక్రతా వ్యాసార్ధంతో కుంభాకారంగా చేస్తే ఆ కోణం 22 డిగ్రీలు దాటుతుంది. 600 మిల్లీమీటర్లకు తగ్గిస్తే 36 డిగ్రీల దాకా వస్తుంది. జపాన్ అద్దాల మీద కనిపించే 1000ఆర్, 600ఆర్ అనే గుర్తులు ఈ వ్యాసార్ధాలే. అంకె తగ్గేకొద్దీ అద్దం ఉబ్బు పెరుగుతుంది, కనిపించే మేరా పెరుగుతుంది.

ఈ లాభం ఊరికే రాదు. 20 మీటర్ల వెనక ఒక కారు వస్తోందనుకుందాం. మీటరు దూరంలో ఉన్న 1200 మిల్లీమీటర్ల కుంభాకార అద్దంలో ఆ కారు కనిపించే సైజును లెక్కిస్తే, మామూలు కంటికి దాదాపు 54 మీటర్ల దూరంలో ఉన్న కారు ఎంత కనబడుతుందో అంతే ఉంటుంది. 600ఆర్ అద్దంలోనైతే దాదాపు 88 మీటర్ల దూరంలో ఉన్నట్టు తోస్తుంది. లేన్ మారాలా వద్దా అని డ్రైవరు క్షణంలో తేల్చుకునేది ఈ అంచనా మీదే. అమెరికా కార్లలో కుడివైపు అద్దం మీద, అందులో కనిపించేవి నిజానికి ఇంకా దగ్గరగా ఉన్నాయన్న హెచ్చరిక రాసి ఉండటానికి కారణం ఇదే. అక్కడి భద్రతా ప్రమాణం 111 ప్రకారం డ్రైవరు వైపు అద్దం సమతలంగానే ఉండాలి, అవతలి వైపు కుంభాకార అద్దం వ్యాసార్ధం 889 నుంచి 1651 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. యూరప్ తదితర దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 46వ నిబంధన కార్ల పక్క అద్దాలకు 1200 మిల్లీమీటర్లను కనీస వ్యాసార్ధంగా పెట్టింది. ఆ లెక్కన 600ఆర్ అద్దం ఈ రెండు హద్దులకూ బయటే ఉంది. వెనక దృశ్యమంతా ఒక్క అద్దంలో కనిపించడం ఎంత బాగున్నా, రోజూ హైవే మీద నడిచే కారుకు అది తగిన అద్దం కాదు.

రేసింగ్ తరహా అద్దాలు సన్నని కాడ మీద డోర్‌కు దూరంగా నిలబడతాయి. అక్కడ మరో చిక్కు వస్తుంది. ఒక చివర బిగించిన కాడ పొడవు రెండింతలైతే, అది వంగకుండా నిలిచే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దాని సహజ కంపన పౌనఃపున్యం సుమారు మూడో వంతుకు దిగుతుంది. ఇంజన్ అదురు, రోడ్డు అదురు ఆ పౌనఃపున్యానికి దగ్గరపడితే అనునాదం మొదలై అద్దంలో బొమ్మ చెదిరిపోతుంది. పైగా అద్దం ఎంత కోణం కదిలితే పరావర్తన కిరణం దానికి రెట్టింపు కోణం తిరుగుతుంది. అద్దం అర డిగ్రీ ఊగితే చాలు, 50 మీటర్ల వెనకున్న దృశ్యం దాదాపు 90 సెంటీమీటర్లు అటూ ఇటూ జరుగుతుంది. అంత ఊగులాటలో వెనక వచ్చేది బైకో, కారో పోల్చుకోవడం కష్టం. కాబట్టి అద్దం కొనేటప్పుడు కార్బన్ ఫైబర్ మెరుపు కన్నా కాడ పొడవు, అడుగు పలక వెడల్పు చూసుకోవడం ముఖ్యం. గాలి నిరోధం తగ్గుతుందన్న వాదనకు పెద్ద బలం లేదు. మామూలు కార్లలో మొత్తం గాలి నిరోధంలో పక్క అద్దాల వాటా కొద్ది శాతమే. టాప్ దించి నడిపే కారులో ఆ తేడా తెలియనే తెలియదు.

బిగింపు కష్టమైన పని కాదు. చాలా కార్లలో డోర్ లోపలి మూల ప్లాస్టిక్ మూత ఊడదీస్తే రెండు మూడు నట్లు లేదా స్క్రూలు కనిపిస్తాయి. అద్దం తిప్పే మోటారు, హీటరు ఉంటే వాటి కనెక్టర్ విప్పాలి. కొత్త అద్దానికి మోటారు లేకపోతే మిగిలిన వైర్ల కొసలను ఒక్కొక్కటిగా ఇన్సులేషన్ చేసి కట్టి ఉంచాలి. అద్దం అడుగున రబ్బరు గాస్కెట్ సరిగా కూర్చోకపోతే వాన నీరు డోర్‌లోకి దిగి, కొన్నాళ్లకు తుప్పు పడుతుంది. స్టీరింగ్ ఏ వైపు ఉందో కూడా చూడాలి. జపాన్‌లోనూ మన దేశంలోనూ స్టీరింగ్ కుడివైపే కనుక జపాన్ అద్దాల జత కోణాలు ఇక్కడి కార్లకు కుదురుతాయి. అమెరికా కోసం చేసిన జతలో సమతల అద్దం ఎడమవైపు ఉంటుంది, మన దగ్గర అటువైపు డ్రైవరు ఉండడు.

టెయిల్ లైట్ల విషయంలో శాస్త్రం ఇంకా చిక్కనిది. పాత బల్బులో పలుచని టంగ్‌స్టన్ తీగ వేడెక్కి వెలుగుతుంది. పూర్తి వెలుగు రావడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఎల్ఈడీకి అంత వ్యవధి అక్కర్లేదు, కరెంటు అందిన వెంటనే వెలుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం 0.2 సెకనులో ఐదున్నర మీటర్లు ముందుకొస్తుంది. బ్రేక్ లైటు అంత ముందుగా వెలిగితే వెనక డ్రైవరుకు అంత దూరం మిగిలినట్టే. ఎల్ఈడీకి మారడం వల్ల కలిగే అసలైన భద్రతా లాభం ఇది, దీన్ని తక్కువ చేయడానికి లేదు.

చిక్కు ఇండికేటర్ దగ్గర వస్తుంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బు దాదాపు 2 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అదే పని చేసే ఎల్ఈడీకి అందులో చిన్న భాగం చాలు. కరెంటు తగ్గగానే ఫ్లాషర్ రిలే బల్బు మాడిపోయిందని అనుకుని ఇండికేటర్‌ను గబగబా కొట్టిస్తుంది. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు మాత్రమే మినుకుమనాలన్నది అంతర్జాతీయ నియమం. చాలామంది దీనికి విరుగుడుగా 6 ఓముల రెసిస్టర్‌ను సమాంతరంగా కలుపుతారు. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 13.8 వోల్టులు ఉంటాయి. అప్పుడు ఆ రెసిస్టర్‌లో 2.3 ఆంపియర్లు పారి 30 వాట్లకు పైగా వేడి పుడుతుంది. బొటనవేలంత భాగంలో అంత వేడి అంటే, ఇండికేటర్ కాసేపు కొడుతూ ఉంటే చాలు, చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. దాన్ని డిక్కీ లోపలి రేకుకు స్క్రూలతో బిగించాలి. ప్లాస్టిక్‌కో, కార్పెట్‌కో, వైర్ల కట్టకో ఆనించి వదిలేస్తే అవి కరిగిపోతాయి.

ఎంఎక్స్-5 తొలితరం లాంటి పాత కార్లలో ఇంత తంటా అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు కింద ఉండే ఫ్లాషర్ యూనిట్‌ను తీసి, కరెంటు ఎంతన్నది పట్టించుకోకుండా కాలాన్ని బట్టి పనిచేసే ఎల్ఈడీ ఫ్లాషర్ పెడితే సరిపోతుంది. కొత్త కార్లలో ఆ పని కంప్యూటర్ చేస్తుంది. దీపం ఆర్పి ఉన్నప్పుడు కూడా చిన్న చిన్న విద్యుత్ స్పందనలు పంపి బల్బు బాగుందో లేదో పరీక్షిస్తుంది. ఆ కొద్ది కరెంటుకే ఎల్ఈడీ మసగ్గా మిణుకుమంటుంది. అలాంటి కార్లకు ఆ మోడల్ కోసమే తయారైన దీపం కొనడం తప్ప వేరే మంచి దారి లేదు.

పాత టెయిల్ లైటు లెన్స్ ఉంచుకుని లోపలి బల్బు మాత్రం మార్చేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. తెల్ల ఎల్ఈడీ నిజానికి నీలి ఎల్ఈడీ, దాని మీద పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత. ఆ కాంతిలో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర లెన్స్ మిగతా రంగులన్నిటినీ మింగేస్తుంది కనుక బయటికొచ్చేది బలహీనమైన వెలుగు. ఎర్ర లెన్స్ వెనక ఎర్ర ఎల్ఈడీయే ఉండాలి.

బ్రేక్ లైటు, టెయిల్ లైటు ఒకే గడిలో ఉన్నప్పుడు వాటి మధ్య తేడా స్పష్టంగా తెలియాలి. పాత బల్బులో 21 వాట్ల తీగ, 5 వాట్ల తీగ విడివిడిగా ఉండి ఆ పని చేసేవి. అమెరికా ప్రమాణం 108 ప్రకారం దీపం నడిమి దిశలో బ్రేక్ వెలుగు, టెయిల్ వెలుగు కన్నా కనీసం ఐదు రెట్లు ఉండాలి. చౌక ఎల్ఈడీ దీపాల్లో ఈ తేడా తగ్గిపోతే, రాత్రి వెనక వచ్చేవాడికి ముందు కారు బ్రేక్ వేసిందో లేదో తెలియదు.

దీపంలో వెలగని భాగం ఒకటుంది, అదే రిఫ్లెక్టర్. ఒకదానికొకటి లంబంగా ఉండే మూడు తలాల మూలలు వందల కొద్దీ పక్కపక్కన పోతపోసిన ప్లాస్టిక్ పలక అది. వెనక నుంచి కాంతి పడితే అది సంపూర్ణాంతర పరావర్తనంతో మూడు తలాల మీదా మళ్లి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. బ్యాటరీ చచ్చిపోయి చీకట్లో రోడ్డు పక్కన ఆగిన కారు వెనక వచ్చేవాడి కంట పడేది దీని వల్లే. కొన్ని ఫ్యాన్సీ దీపాల్లో రిఫ్లెక్టర్ ఉండనే ఉండదు. అలాంటప్పుడు బంపర్ మీద విడిగా రిఫ్లెక్టర్లు అతికించడం తప్పనిసరి. లెన్స్ మీద నల్ల ఫిల్మ్ వేయడం ఇంకా హాని. సగం కాంతిని వదిలే ఫిల్మ్ వల్ల దీపం వెలుగు సగమవుతుంది. రిఫ్లెక్టర్ విషయంలో కాంతి ఫిల్మ్ గుండా రెండుసార్లు వెళ్లాలి కనుక మిగిలేది పావు వంతే.

బిగించేటప్పుడు డిక్కీ లోపలి కవరు తీసి, నట్లు విప్పి, కనెక్టర్ ఊడదీసి దీపాన్ని బయటికి లాగాలి. కొత్త దీపం నట్లను గాస్కెట్ సమంగా అణిగే దాకా బిగిస్తే చాలు. అంతకన్నా బలవంతపెడితే ప్లాస్టిక్ పగులుతుంది. వైరు అతకాల్సి వస్తే సరైన క్రింప్ వేసి పైన హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. ఎర్త్ వైరును పెయింటు గీకిన శుభ్రమైన రేకుకు బిగించాలి. బ్రేక్ నొక్కినప్పుడు ఇండికేటర్ కూడా మసగ్గా వెలిగితే దోషం చాలావరకు ఎర్త్‌లోనే ఉంటుంది. లెన్స్ లోపల పొద్దున పూట పలచగా ఆవిరి పట్టి పోతే భయం లేదు. నీటి బొట్లు నిలిస్తే మాత్రం సీలు పోయిందని అర్థం.

కొనే ముందు లెన్స్ మీది గుర్తులు చదవాలి. వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన దేశం అంకె ఉంటే ఐక్యరాజ్యసమితి నిబంధనల ప్రకారం పరీక్షించి ఆమోదించిన దీపమని అర్థం. అమెరికాలో డీఓటీ గుర్తు తయారీదారు సొంత ధ్రువీకరణ. అమెరికాలో వెనక ఇండికేటర్ ఎర్రగా ఉన్నా చెల్లుతుంది. యూరప్‌లోనూ మన దేశంలోనూ అది కాషాయ రంగులో ఉండాల్సిందే. మన దగ్గర మరో సంగతి కూడా ఉంది. వాహనంలో మార్పుల గురించి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. తయారీదారు అసలు నిర్దేశాలకు భిన్నంగా మార్చిన వాహనాలకు రిజిస్ట్రేషన్ కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా అద్దాలు, దీపాలు మార్చదలచినవారు ఆర్డరు పెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. తీసిన అసలు భాగాలను పారేయకుండా భద్రపరచుకోవాలి.