రెండు చక్రాలపై హలాల్ సంపాదన

కాజీపేట జంక్షన్‌లో రైలు దిగిన ప్రయాణికుడు, ఎంజీఎం ఆసుపత్రికి చేరవలసిన రోగి బంధువు, కాకతీయ విశ్వవిద్యాలయానికి వెళ్లే విద్యార్థి... వరంగల్‌లో నేడు ఇలాంటి వారెందరో బైక్ టాక్సీని ఆశ్రయిస్తున్నారు. బస్సు సందు వరకు రాదు. ఒక్కరికే ఆటో కిరాయి భారం. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం లభిస్తోంది. పరాయి పురుషుని వెనుక కూర్చొనడానికి సంకోచించే మన స్త్రీలకు బస్సు, ఆటోలే అనుకూలం.

మరి నడిపేదెవరు? ఫీజుకై పాట్లుపడే విద్యార్థి, జీతం చాలని చిరుద్యోగి, కొలువు దొరకని పట్టభద్రుడు. ఇండోనేషియాలో ‘ఓజెక్’, ఉగాండాలో ‘బోడా బోడా’, నైజీరియాలో ‘ఒకాడా’ పేరిట ఎన్నో కుటుంబాలకు ఈ వృత్తే జీవనాధారం. స్వహస్తాలతో శ్రమించి తినే ఆహారమే శ్రేష్ఠమని దైవప్రవక్త (స) బోధించారు. కనుక దీనిని చిన్నచూపు చూడటం మనకు తగదు.

అయితే ఈ వృత్తిలో ఒక ప్రమాదం దాగి ఉంది. చాలామంది నడిపేది సొంత అవసరాలకు రిజిస్టరు చేయించిన బండినే. అట్టి బండి బీమా పాలసీలో, కిరాయికి వాడరాదన్న షరతు సాధారణంగా ఉంటుంది. కిరాయి ప్రయాణంలో ప్రమాదం జరిగితే పరిహారం చిక్కులలో పడవచ్చు. అప్పుడు వీధిన పడేది అతని భార్యాబిడ్డలే. సొంత బండ్లను ఇలా నడపడానికి అనుమతించే అధికారాన్ని 2025 జూలైలో కేంద్రం తన మార్గదర్శకాలలో రాష్ట్రాలకే వదలివేసింది. కాబట్టి తన బండికి అనుమతి ఉన్నదా, బీమా వర్తిస్తుందా అని ప్రతి యువకుడూ ముందే విచారించుకోవాలి. ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్నదే కదా మనకందిన శిక్షణ!

వెనుక కూర్చున్న వ్యక్తి ప్రాణం నడిపేవానికి అమానతు. అతివేగం, రాంగ్ రూటు, ఫోను చూస్తూ నడపడం ఆ అమానతుకు ద్రోహమే. ప్రయాణికునికీ బాధ్యత ఉంది. హెల్మెట్ ధరించాలి, తొందరపెట్టరాదు, దిగగానే కిరాయి చెల్లించాలి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త బోధ యాప్ యజమానులకూ, మనకూ సమానమే. బుక్ చేసి, అతడు ఇంధనం ఖర్చుచేసి ఇంటి ముందుకు వచ్చాక అకారణంగా రద్దు చేయడం ఒక శ్రామికుని హక్కును హరించడమే.

ఉదయం బండి తీసి వెళ్లిన ప్రతి బిడ్డా రాత్రికి క్షేమంగా, హలాల్ సంపాదనతో ఇల్లు చేరేలా అల్లాహ్ అనుగ్రహించుగాక! ఆమీన్.