పచ్చదీపమును నమ్మవచ్చునా?

కరెంటు పోయినపుడు చేతి కందునట్లుగా మా యింట నొక టార్చిలైటు గోడమేకునకు వ్రేలాడుచుండును. దానిలోని లిథియం అయాన్ బ్యాటరీని రాత్రి ఛార్జరులో నుంచి, తెల్లవారిన పిమ్మట తీయుట మాకు వాడుక. ఆ ఛార్జరు కల్వకుర్తి బజారులో రెండువందల రూపాయలలోపున కొన్నది. ఒకనాటి వేకువను ముట్టి చూడగా బ్యాటరీ యింకను గోరువెచ్చగా నుండెను. పచ్చదీపము మాత్రము నిశ్చింతగా వెలుగుచుండెను. ప్రక్కనే పిల్లల పడక. ఆ దీపము మాట నిజమో కాదో తేల్చుకొనదలచితిమి.

సోదరీమణులారా, ఈ జాతి బ్యాటరీని జపానులోని సోనీ సంస్థ 1991లో తొలుత అమ్మకమునకు దెచ్చెను. దీనికి మూలమైన కృషికై గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించెను. మన పాలమూరు సీమయందే, దివిటిపల్లిలో, అమరరాజా వారి లిథియం బ్యాటరీల కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగెను. కావున నిది మనకు దూరపు విద్య గాదు.

మా టార్చిలోనిది 18650 అను కొలతది. అడ్డము 18 మిల్లీమీటర్లు, పొడవు 65. దీని నిండు హద్దు 4.2 వోల్టులు. ఆ హద్దు మీరినచో లోపల లిథియము లోహమై పేరుకొనును. బ్యాటరీ యాయువు తరుగును. మిక్కిలి మీరిన మంటలే రావచ్చును. మంచి ఛార్జరు మొదట నొకే తీరున కరెంటు నిచ్చి, 4.2 చేరగానే వోల్టేజి నచ్చటనే నిలిపియుంచును. అప్పుడు కరెంటు తనంతట తగ్గుచు వచ్చును. అది తొలి కరెంటులో పదవవంతునకు దిగినపుడు పూర్తిగా నాపివేయవలెను. పాలు పొంగుటకు ముందు మంట తగ్గించి, పిదప గిన్నె దించునట్టి యిల్లాలి నేర్పే దీనికిని గావలయును.

పగటివేళ, గుడ్డలు కాగితములు దరి లేకుండ, షాబాదు బండపై ఛార్జరు నుంచితిమి. దానికి రెండు గదులు. దాదాపు ఖాళీయైన రెండు బ్యాటరీలను వేసి గడియారము చూచుచు కూర్చుంటిమి. నాలుగు గంటలు దాటిన తరువాత రెండు దీపములును పచ్చనయ్యెను. బ్యాటరీలను వెలికిదీసి మీటరుతో జూడగా నెడమది 4.18, కుడిది 4.21 వోల్టులు చూపెను. ఇంతవరకు బాగుగనే యున్నది. మరల వానిని గదులలో నుంచితిమి. గంట గడచినపిమ్మట నెడమది కదలలేదు, కుడిది 4.26. రెండవ గంటకు 4.31! వెంటనే స్విచ్చి కట్టివేసితిమి. మీటరే తప్పు చెప్పుచున్నదేమో యని మావారి బడిలోని మీటరుతో జూడగా, రెంటికిని భేదము 0.01 వోల్టు మాత్రమే. కుడి గదిలో దీపము రంగు మారినది గాని కరెంటు ఆగలేదన్నమాట.

ఛార్జరుపై 1 ఆంపియరని యచ్చువేసిరి. 2000 మిల్లీఆంపియర్-గంటల బ్యాటరీకి నాలుగు గంటలకు పైగా పట్టినదనగా, వచ్చినది దాని సగమే. అది యబద్ధమే గాని యపాయము గాదు. మెల్లగా నింపుట దోషము గాదు, ఆపనెరుగకుండుటే దోషము.

మీరును పరీక్షింపదలచినచో మీటరు ముల్లును డి.సి. 20 వోల్టుల కడ నుంచుడు. ఎర్రతీగ వోల్టుల రంధ్రముననే యుండవలెను. ఆంపియర్ల రంధ్రమున నుంచి బ్యాటరీ కొనల దాకించినచో షార్టు సర్క్యూటగును. ఎర్రకొన బొడిపెకు, నల్లకొన చదునైన వైపునకు తాకింపుడు. ఉబ్బినది, పైతొడుగు చినిగినది, 2.5 వోల్టులకు దిగిపోయినది ఛార్జి చేయరాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు జాతికి హద్దు 3.65 మాత్రమే గనుక బ్యాటరీపై వ్రాత చదువుకొనుడు. పాడైనదానిని చెత్తబుట్టలో వేయక, పాత బ్యాటరీలు పుచ్చుకొనువారికే యీయవలెను.

మే మా ఛార్జరును మూలబెట్టుట చూచి పొరుగింటి చెల్లెలు, “పారేసేదానికన్న మాకియ్యరాదక్కా?” యనెను. ఎడమ గది మంచిదే గదా యని మాకును ఒక్క క్షణము తోచెను. కాని కుడిదానికి వచ్చిన లోపము రేపు దీనికి రాదని యెవరు పూచీ? ఆమెకును పసిబిడ్డ కలడు. మీటరు తెచ్చి యంకెలు చూపితిమి. ఆమె చూచుచుండగనే తీగను కత్తిరించితిమి. ఆమె కొత్త ఛార్జరు కొనిన దినమున మీటరుతో మేమే వెళ్లి చూచివచ్చితిమి.

నాటినుండి మా యింట రాత్రులయం దేదియు ఛార్జికి బెట్టము.